మారు తాళంచెవులు

ఆ వేసవిలో మా వీధిలో ఏడు ఇళ్ళకి తాళాలు మార్చాల్సి వచ్చింది. ఏ ఇంట్లోనూ పూచికపుల్ల పోలేదు. అయినా జనం పట్టపగలు కూడా తలుపులు బిడాయించుకుని కూర్చునేవారు. కొత్త తాళాలు బిగించింది మా నాన్న. పాతవాటికి మారు తాళంచెవులు చేసింది నేను. అప్పటికి నాకు పదిహేనేళ్ళు నిండి రెండు నెలలు.

ఎండలు ఇంకా ముదరకముందే బడివాళ్ళు నన్ను ఇంటికి పంపేశారు. టీచర్ల గదిలో ఉన్న బీరువాని తలపిన్నుతో తెరిచాను. అందులోంచి ఏమీ తీసుకోలేదు. లోపలేముందో చూసి మళ్ళీ మూసేద్దామనుకున్నాను, అంతలో లెక్కల టీచరు వచ్చిపడింది. "ఎందుకు తెరిచావ్?" అని హెడ్‌మిస్ట్రెస్ మూడుసార్లు అడిగింది. నాకు తెలిస్తే కదా చెప్పడానికి! అమ్మ పోయిన దగ్గర్నుంచీ మూసి ఉన్నదేది కనిపించినా నా చేతులు ఊరుకునేవి కావు. అదంతా కాగితం మీద రాయడం వాళ్ళకి కుదరక "దొంగతనం" అని రాసి ఊరుకున్నారు.

నాన్న ఆ కాగితం చదివి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మర్నాటి నుంచి నన్ను తనతో పాటు కొట్లో కూర్చోబెట్టుకున్నాడు.

కొట్టంటే పెద్ద కొట్టేమీ కాదు. మూడంతస్తుల పాత భవనంలో మెట్ల కింద మిగిలిపోయిన మూల. కాస్త పొడుగాటి వాళ్ళెవరొచ్చినా తల ఠంగుమని కొట్టుకునేవారు. "తాళం సంగతి తర్వాత, ముందు నా తల బాగుచెయ్యవయ్యా" అని నాన్నని ఏడిపించేవారు. ఒక బల్ల, తాళంచెవిని కదలకుండా పట్టడానికి దానికి బిగించిన ఇనప వైసు, ఇనుము అరగదీసే నాలుగు రకాల ఆకురాళ్ళు, గోడనిండా మేకులకి వేలాడుతూ ఇంకా గాట్లు పెట్టని తాళంచెవులు. మేం ఉండేది పెరడు దాటితే వెనకున్న రెండు గదుల్లో. నేను, నాన్న, బుడ్డిది. బుడ్డిదంటే మా చెల్లి, దానికి ఏడేళ్ళు.

నాన్నకి ఒక పట్టింపు ఉండేది. "తాళం విప్పి తెస్తే చేస్తాను, తలుపు దగ్గరికి పిలిస్తే వచ్చి చేస్తాను. ఉట్టి తాళంచెవి చేతికిచ్చి ఇలాంటిది ఇంకోటి చెయ్యమంటే మాత్రం చెయ్యను" అనేవాడు. తాళంచెవి ఎవరిదో దాని మొహాన రాసి ఉండదని ఆయన బాధ. మెయిన్ రోడ్డు మీద మిషను పెట్టుకున్నవాడు అడిగినవాళ్ళకి అడిగినన్ని రెండు నిమిషాల్లో చేసిస్తుంటే, మా దగ్గరికొచ్చినవాళ్ళు విసుక్కుంటూ వెళ్ళిపోయేవారు.

ఇంత పట్టింపున్న మనిషి నాకు ఆటగా ఏం నేర్పాడో చూడండి. అరచేతిలో తాళంచెవి ఒక్క క్షణం చూపించి, పిడికిలి మూసేసి, "చెప్పు!" అనేవాడు. తాళంచెవికి ఐదు గాట్లు. ఒక్కో గాటు ఎంత లోతో ఒకటి నుంచి ఐదు దాకా అంకెల్లో చెప్పాలి. "రెండు, నాలుగు, ఒకటి, ఒకటి, మూడు" అనేదాన్ని. పదేళ్ళు వచ్చేసరికి తప్పు చెప్పడం మానేశాను. పన్నెండేళ్ళకల్లా ఆ అంకెల్ని మనసులో పెట్టుకుని, అసలుది దగ్గర లేకుండానే ఆకురాయి పట్టి అలాంటిదే దింపేసేదాన్ని. నాన్న మురిసిపోయి అమ్మని కేకేసి చూపించేవాడు. నా చూపు పడిన చోటల్లా మారు తాళంచెవి తయారవుతుందని ఆ మురిపెంలో ఆయనకి తట్టలేదు.

లాడ్జి ఆవిడ మొదటిసారి వచ్చినప్పుడు నాన్న కొట్లోనే ఉన్నాడు. గొడుగు మడిచి, తల వంచి, ఎక్కడా కొట్టుకోకుండా లోపలికి వచ్చింది. నలభై దాటి ఉంటాయి. బుద్ధిగా దువ్విన జుట్టు, మెత్తటి గొంతు. ఎంత మెత్తన అంటే, ఆవిడ మాట వినాలంటే మనమే ముందుకి వంగాలి. ఒక చిన్న ఇనప్పెట్టె బల్లమీద పెట్టి తాళంచెవి పోయిందని చెప్పింది. వీధి చివర లాడ్జిలో వేసవికి గది తీసుకుందట.

"మీ అమ్మాయా? కళ్ళు భలే చురుకు" అంది నాన్నతో. నాన్న తలూపి పెట్టె పనిలో పడ్డాడు.

"పెట్టె ఎప్పటికిమ్మంటారు ఆంటీ?" అన్నాను.

"ఆంటీ ఏంటమ్మా, బస్సులో పక్క సీటావిణ్ణి పిలిచినట్టు! పిన్నీ అను."

నాకు సొంత పిన్నులు లేరు. అమ్మ ఒక్కతే కూతురు. నోరు తిరగదేమో అనుకున్నాను గానీ తిరిగింది.

రెండు రోజులాగి, నాన్న ఎవరింటికో తలుపు తాళం చూడ్డానికి వెళ్ళినప్పుడు వచ్చింది. బల్ల పక్కనున్న పీట మీద కూర్చుని, ఊరి కబురేదో అడిగినట్టు అడిగింది.

"బళ్ళో బీరువా తెరిచావటగా?"

లేచి వెళ్ళిపోదామా అనిపించింది.

"లోపలేముందే?" అంది.

అందరూ ఎందుకు తెరిచావని అడిగారు. లోపలేముందని అడిగింది ఆవిడొక్కతే.

"సుద్దముక్కలు. పేపర్ల కట్టలు. ఒక జత హైహీల్స్."

"హైహీల్సా! ఎవరివీ?"

"హెడ్‌మిస్ట్రెస్‌వే అయ్యుంటాయి. ఇంకెవరికీ ఆ సైజు పట్టవు."

ఇద్దరం పడీ పడీ నవ్వాం. అమ్మ పోయాక నేను అలా నవ్వడం అదే మొదలు. నవ్వు ఆగాక నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, "నువ్వు దొంగవి కాదే. నీకు చూడాలనిపిస్తుంది, అంతే. నాక్కూడా అంతే" అంది. కడుపులో చెయ్యి పెట్టి చూసినట్టు మాట్లాడుతోందే అనుకున్నాను. కళ్ళనీళ్ళు తిరిగాయి. అప్పుడే గొప్పలకి పోయి అంకెల ఆట చూపించాను. చూపించడానికి చేతికి అందిన తాళంచెవి ఏదంటే, నా మెళ్ళో దారానికి వేలాడే మా ఇంటిదే.

"మూడు, ఒకటి, నాలుగు, నాలుగు, రెండు" అని చదివాను.

"మూడు, ఒకటి, నాలుగు, నాలుగు, రెండు" అని ఆవిడ తిరిగి చెప్పింది. "బాగుంది. పాటలా ఉంది."

ఇప్పటికీ ఆ ఐదు అంకెలు ఎక్కడైనా వరసగా కనిపిస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

మా భవనంలో రెండో అంతస్తులో ఒక నర్సమ్మ ఉండేది. ఉద్యోగం మానేసి పదిహేనేళ్ళయింది, ఒంటరి మనిషి. బుధవారం బుధవారం ఆస్పత్రికి వెళ్ళి ఒళ్ళు చూపించుకుని వచ్చేది. పిన్ని ఒకరోజు పైకి చూస్తూ, "ఆ ఇంట్లోనే నేను పెరిగానే" అంది. "ఆ కిటికీ దగ్గర మా అమ్మ నాకు జడ వేసేది. ఒక్క ఐదు నిమిషాలు అక్కడ కూర్చోవాలనుంది. ఆవిణ్ణి అడిగితే పిచ్చిదనుకుంటుంది. ఏమీ ముట్టుకోనే. కూర్చుని వచ్చేస్తాను."

నర్సమ్మ తాళంచెవి నేను వందసార్లు చూశాను. మెట్లెక్కేటప్పుడు చేతిలో ఆడిస్తూ ఎక్కేది. చెయ్యడానికి అరగంట కూడా పట్టలేదు.

బుధవారం ఇద్దరం వెళ్ళాం. గుమ్మంలో చెప్పులు విప్పించి చేతిలో పట్టుకోమంది. తలుపు తెరుచుకున్నప్పుడు నాకు భయం వేయలేదని అబద్ధం చెప్పను, కానీ ఆ భయంలో ఏదో కమ్మదనం ఉంది. కిటికీ దగ్గర కూర్చున్నాం. పిన్ని నర్సమ్మ నడకా, వీధిలోవాళ్ళకి ఇంజెక్షనివ్వబోయే ముందు "ఏం లేదు, చీమ కుట్టినట్టుంటుంది" అనే మాటా అచ్చు దించేసింది. నేను నోరు మూసుకోలేనంత నవ్వాను. వచ్చేసేముందు ఆవిడ నర్సమ్మ వాలుకుర్చీని మెల్లగా తిప్పి గోడకి ఎదురుగా పెట్టింది.

"అదేంటి పిన్నీ, ఎందుకూ?"

"ఊరికే. వచ్చి చూసుకున్నప్పుడు ఆవిడ మొహం ఎలా ఉంటుందో ఊహించుకో."

ఊహించుకున్నాను. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

తర్వాత వారం టైలరు ఇల్లు. ఆ ఇంట్లో కూడా తను పెరిగిందట. "మరి నర్సమ్మ ఇంట్లో పెరిగానన్నారుగా?" అన్నాను. ఆవిడ జవాబు చెప్పలేదు, కోప్పడలేదు. రెండు రోజులు నావైపు చూడలేదంతే. వీధిలో ఎదురైతే గొడుగు అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ రెండు రోజులూ నాకు అన్నం దిగలేదు. మూడో రోజు నేనే లాడ్జికి పరిగెత్తి, అడక్కుండానే టైలరు తాళంచెవి చేతిలో పెట్టి వచ్చాను. నా బుద్ధి అలా ఏడ్చింది. ఆ తర్వాత ఆవిడ అడిగిన ఇంటికల్లా చేసిస్తూ పోయాను.

మే నెల సగానికి వచ్చేసరికి వీధి వీధంతా వణుకుతోంది. టైలరు ఇంట్లో గోడమీది ఫోటోలన్నీ వెనక్కి తిరిగి ఉన్నాయి. పోస్టుమాను ఇంట్లో మంచాలన్నిటిమీదా దుప్పట్లు ఎవరో అప్పుడే లేచినట్టు నలిగి ఉన్నాయి. నర్సమ్మ తలగడ మీద ఆమె చెప్పులు ఉన్నాయి. డబ్బులు ఉన్నచోటే ఉన్నాయి, గడియారాలు ఉన్నచోటే ఉన్నాయి. పోలీసులు వచ్చి, ఏం పోయిందో చెప్పమని అడిగి, ఏమీ పోలేదంటే విసుక్కుని వెళ్ళిపోయారు. ఏదన్నా పోయి ఉంటే జనం అంత భయపడేవాళ్ళు కాదు.

నాన్నకి ఊపిరాడనంత పని. ఒకరోజు మధ్యాహ్నం నర్సమ్మ ఇంటి పాత తాళాన్ని బల్లమీద విప్పి, లోపలి ముక్కలన్నీ గుడ్డమీద పరిచి, భూతద్దం పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు.

"గీత లేదు" అన్నాడు. "పిన్ను పెట్టి తీస్తే గీత పడుతుంది. ఇది తాళంచెవితో తీసిందే."

నేను ఆకురాళ్ళు తుడుస్తున్నాను. తల ఎత్తలేదు. ఆయన నావైపు చూస్తున్నాడని మాత్రం తెలుస్తోంది. ఏదో అడగబోయి గొంతు సవరించుకున్నాడు. చివరికి, "బుడ్డిది తిన్నదా?" అన్నాడు.

ఆ రోజు నుంచి పిడికిలి మూసి "చెప్పు" అనడం మానేశాడు. వీధిలో కూడా మాట మారింది. ఇన్నిళ్ళ తాళాలు ఇంత చక్కగా తెలిసినవాడు ఇంకెవడుంటాడని టైలరు మా కొట్టు ముందే నిలబడి, మాకు వినపడేలా అన్నాడు. నాన్న తల వంచుకుని ఆకురాయి రాస్తూనే ఉన్నాడు. ఆయన మెడ మీద నరం ఎగిరెగిరి పడటం నేను చూశాను.

ఆ సాయంత్రమే లాడ్జికి వెళ్ళి, "ఇక నావల్ల కాదు పిన్నీ" అన్నాను.

ఆవిడ గోళ్ళు కత్తిరించుకుంటోంది. "సరే" అంది. "నేనేం చేశానే? నాకు ఆకురాయి ఎటు పట్టుకోవాలో కూడా తెలీదు. చేసినవన్నీ నీ చేతులే. దొంగతనమని బడివాళ్ళు రాసిన కాగితం నా జేబులో లేదు, మీ నాన్న జేబులో ఉంది." ఇంకో గోరు కత్తిరించింది. "చెప్పాలనుకుంటే చెప్పు. పోలీసులు నిన్ను పెట్టే చోటు వేరు, మీ నాన్నని పెట్టే చోటు వేరు. బుడ్డిదాన్ని ఎవరు చూసుకుంటారు? నేనే చూసుకోవాలి పాపం. పిన్నిని కదా."

ముందుకి వంగి వింటున్నదాన్ని అలాగే ఉండిపోయాను. చెల్లి పేరు ఆవిడ నోట్లోంచి రావడం అదే మొదలు.

తర్వాత వారం రోజులు లాడ్జి వైపు వెళ్ళలేదు. ఎవరు మెట్లు దిగినా గొడుగు చప్పుడేమో అని తలెత్తి చూసేదాన్ని. ఎనిమిదో రోజు మిట్టమధ్యాహ్నం, నాన్న కొట్లో ఉండగా మంచినీళ్ళకని ఇంటికి వెళ్ళాను. మెళ్ళో తాళంచెవి తీసి పెట్టబోతే తలుపు దానంతటదే వెనక్కి వెళ్ళింది.

లోపల మంచం మీద పిన్ని కూర్చుని ఉంది. ఒళ్ళో బుడ్డిది. దాని జుట్టు విప్పి, అమ్మ దువ్వెనతో చిక్కు తీస్తోంది. కళ్ళకి అమ్మ కళ్ళజోడు పెట్టుకుంది.

"అక్కా, పిన్ని వచ్చింది" అంది బుడ్డిది సంబరంగా.

"తలుపెవరు తీశారే?" అన్నాను.

"నేను తియ్యలే. తనే వచ్చింది."

పిన్ని కళ్ళజోడులోంచి నావైపు చూసింది. "మూడు, ఒకటి, నాలుగు, నాలుగు, రెండు" అంది, పాట పాడినట్టు. బుడ్డిది కూడా వంత పాడింది. దానికి అప్పటికే నేర్పేసిందన్నమాట. అంకెలు తెలిస్తే ఆకురాయి పట్టిన ఏ చెయ్యైనా చేసిస్తుంది. మెయిన్ రోడ్డు మీదివాడు ఎవరిదని అడగను కూడా అడగడు.

"చివరిది ఒక్కటి చేసిపెట్టు" అంది. "ఇక నీ జోలికి రాను. నర్సమ్మ కొత్త తాళం మీ నాన్నే కదా బిగించింది, చూసే ఉంటావ్. బుధవారం నువ్వొక్కదానివే వెళ్ళు. మంచం పక్క బల్లమీద రెండు సీసాలుంటాయి. దాంట్లో మాత్రలు దీంట్లో, దీంట్లోవి దాంట్లో పోసెయ్. అంతే. రెండూ తెల్లవే."

"ఆమెకేమన్నా అయితే?"

"ఏమవుతుంది? నర్సుగా, ఆవిడే చూసుకుంటుంది." బుడ్డిదాని జడకి రిబ్బను కట్టి, బుగ్గ మీద ముద్దు పెట్టింది. "ఈ జడ బాగుందా? రోజూ వచ్చి వేస్తాను."

ఆ మంగళవారం రాత్రి చెల్లెల్ని గోడవైపు పడుకోబెట్టి, తలుపుకి అడ్డంగా నేను పడుకున్నాను. నాన్న చూసి, "ఉక్కగా ఉందా?" అన్నాడు. "ఊ" అన్నాను. ఆ ఒక్క "ఊ" బదులు మిగతాదంతా చెప్పేసి ఉంటే ఇక్కడితో అయిపోయేది. నోటి చివరిదాకా వచ్చింది. టైలరు అన్న మాట, లాడ్జిలో విన్న మాట రెండూ గొంతుకి అడ్డం పడ్డాయి.

బుధవారం, చేసిన తాళంచెవితో వెళ్ళాను. చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాను. లోపలి గది గుమ్మానికి తెర వేసి ఉంది. ముందుగదిలో మంచం పక్క బల్లమీద రెండు సీసాలు, ఒకదాని మూత నీలం, ఒకదానిది తెలుపు. ఒక సీసాని అరచేతిలో ఒంపాను. ఇరవై మాత్రలుంటాయి. రెండోదాన్ని బల్లమీద ఒంపాను. చేతిలోవి రెండో సీసాలో పోశాను. బల్లమీద ఉన్నవి ఏరుతుంటే రెండు కింద దొర్లాయి. మోకాళ్ళ మీద కూర్చుని మంచం కింద చెయ్యి పెట్టి వెతుకుతుంటే, అమ్మ చివరి రోజుల్లో నేనూ ఇలాగే మాత్రలు లెక్కపెట్టి ఇచ్చేదాన్నని గుర్తొచ్చింది. గబగబా అన్నీ మళ్ళీ బల్లమీద ఒక్కచోటే ఒంపేశాను. ఎక్కడివి అక్కడ పెట్టేద్దామనుకున్నాను.

అప్పుడు తెలిసింది, ఏవి ఎక్కడివో నాకు తెలీదని. అన్నీ తెల్లవే. అన్నీ ఒక్క సైజువే. తాళంచెవిని ఒక్క చూపులో చదివేసే నా కళ్ళకి ఆ మాత్రల్లో తేడా కనిపించలేదు. ఎలాగో సగం సగం రెండు సీసాల్లో పోసి, మూతలు పెట్టి, చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయి కిందికి వచ్చేశాను.

నాన్న ఎవరిదో పెట్టె తాళం బాగుచేస్తున్నాడు. నేను బల్ల ముందు నిలబడ్డాను. నన్ను తీసుకెళ్ళి ఎక్కడ పెడతారో, ఆయన్ని ఎక్కడ పెడతారో అన్నీ కళ్ళముందు తిరుగుతున్నాయి. వాటి మధ్యలో నర్సమ్మ ఆస్పత్రి నుంచి వచ్చి, గ్లాసులో నీళ్ళు పోసుకుని, నీలం మూత తిప్పుతోంది.

"నాన్నా, నర్సమ్మ మందులు కలిసిపోయాయి" అన్నాను.

ఆయన ఆకురాయి కింద పెట్టాడు. నా మొహం చూశాడు, తర్వాత నా కాళ్ళకేసి చూశాడు. ఒక్క ప్రశ్న అడగలేదు. తల పైకప్పుకి కొట్టుకున్న సంగతి కూడా తెలియకుండా లేచి మెట్లెక్కాడు, రెండేసి మెట్లు ఒక్కో అంగలో.

దిగి వచ్చేసరికి పావుగంటైంది. ఎన్నేళ్ళయినా ఆ పావుగంట నాకింకా గడవలేదనిపిస్తుంది. నుదుటి మీద రక్తం చారగా కారి ఎండిపోయింది.

"వేసుకోలేదట" అన్నాడు. పీట మీద కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "ఇప్పుడు చెప్పు. మొదట్నుంచీ చెప్పు."

చెప్పాను. మధ్యలో ఒక్కసారే మాట్లాడాడు. "గీత లేదని చూసిన రోజే అనుకున్నానే. నిజమవుతుందేమోనని భయపడి అడగలేదు." అంత పెద్ద మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆయన్ని చూసి నేనూ ఏడ్చాను. మమ్మల్ని చూసి, కారణం తెలియకపోయినా, పెరట్లోంచి వచ్చిన బుడ్డిది కూడా అందుకుంది.

అదే రోజు నాన్న నన్ను స్టేషనుకి తీసుకెళ్ళి అంతా చెప్పించాడు. పోలీసులు లాడ్జికి వెళ్ళేసరికి గది ఖాళీగా ఉంది. కిటికీ గట్టు మీద నేను చేసిన తాళంచెవులన్నీ తుడిచి వరసగా పేర్చి ఉన్నాయట. మా ఇంటిది మాత్రం లేదు. రిజిస్టరులో రాసిన ఊరూ పేరూ రెండూ అబద్ధాలే. అక్క కూతురి చదువు కోసం వచ్చానని మేనేజరుతో చెప్పిందట. ఆవిడెవరో, ఏం కావాలనుకుందో ఈ రోజుకీ ఎవరికీ తెలీదు.

నాన్న నన్ను వెంటపెట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. వద్దని ఎవరెంత చెప్పినా వినలేదు. ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట: "మారు తాళంచెవి చేసింది మా అమ్మాయి. నేర్పింది నేను. కొత్త తాళం అదే బిగిస్తుంది. కంపెనీ సీలుతో వచ్చిన తాళంచెవుల పొట్లం మేం విప్పం. మేం వెళ్ళాక మీరే విప్పి, తిప్పి చూసుకోండి." పోస్టుమాను భార్య మా మొహానే తలుపేసింది. టైలరు నోటికొచ్చినట్టు తిట్టి, చివర్లో నాన్న నుదుటి దెబ్బ చూసి, కాసేపు కూర్చోమని కుర్చీ వేశాడు. ఒక్కో ఇంట్లో మరలు బిగిస్తుంటే నా వీపు మీద వాళ్ళ చూపులు తెలిసేవి. పోలీసులు నన్ను ఇంటికి పంపినందుకు సంతోషించాలో లేదో అప్పుడు నాకు తెలియలేదు.

ఆఖరున రెండో అంతస్తుకి వెళ్ళాం. నర్సమ్మ తలుపు తీసి, దూరంగా వెళ్ళి, వాలుకుర్చీ గోడకి ఆనించి కూర్చుంది. నేను మోకాళ్ళ మీద కూర్చుని పాత తాళం విప్పడం మొదలుపెట్టాను. చివరి మర బిగుస్తుండగా ఆమె నోరు విప్పింది, నాన్నతోనే, నావైపు చూడకుండా.

"మొదటిసారి వీళ్ళొచ్చినప్పుడు ఆస్పత్రి నుంచి తొందరగా వచ్చేశాను. మెట్ల మీదే వినపడింది, లోపల ఇద్దరు నవ్వుతున్నారు. ఒక గొంతు మీ అమ్మాయిది. పై అంతస్తు మెట్ల మీదికెళ్ళి కూర్చున్నాను, వాళ్ళు పోయిందాకా."

"మరి నాతో ఒక్క మాట చెప్పలేదేంటమ్మా?" అన్నాడు నాన్న.

"నీకెలా చెప్పనయ్యా? తాళం మార్చేది నువ్వే అయితే." ఆమె చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. "మొన్న బుధవారం నేను ఆస్పత్రికి వెళ్ళలేదు. లోపలి గదిలో తెర వెనకే చాప మీద పడుకున్నాను. నా మంచం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని మందులు ఒంపుతోంది. కేకేద్దామంటే గొంతు రాలేదు. నలభై ఏళ్ళు నర్సుగా చేశాను, ఎన్ని చావులు చూశానో. ఇంత భయం ఎప్పుడూ వెయ్యలేదు నాకు. చిన్నపిల్లని చూసి."

ఆ వేసవంతా భయపడినదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను. "క్షమించండి" అన్నాను, లేచి ఒక అడుగు ముందుకు వేసి. నర్సమ్మ కుర్చీలోంచి చటుక్కున లేచి గోడకి అతుక్కుపోయింది. నేను ఎక్కడున్నదాన్ని అక్కడే ఆగిపోయాను.

నాన్న నా భుజం పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. తాళంచెవుల పొట్లం గుమ్మంలో పెట్టి తలుపు దగ్గరకి వేశాడు. లోపల్నుంచి గడియ పడింది.

"తాళం తిప్పి చూసుకోండమ్మా, నేనిక్కడే ఉన్నాను" అన్నాడు నాన్న.

"అది వెళ్ళిపోయిందా?" అంది నర్సమ్మ తలుపు వెనక నుంచి.

నాన్న నావైపు చూశాడు. నేను తలూపి మెట్లు దిగడం మొదలుపెట్టాను. ఆమెకి వినపడాలని చెప్పులు టపటపా కొడుతూ, ఒక్కో మెట్టూ గట్టిగా తొక్కుతూ దిగాను. మొదటి అంతస్తు దాటాను, కొట్టు దాటాను, వీధిలోకి వచ్చి ఎండలో నిలబడ్డాను. అప్పుడు పైన గడియ తీసిన చప్పుడు వినిపించింది.